తిలాపాపం తలా ఒక సర్వీసు

ఆవకాయ, గోంగూర సీసాల్లో పెట్టి డల్లాస్‌కి పంపే చిన్న కంపెనీ ఒకటి ఉందనుకుందాం. రోజుకి 40 ఆర్డర్లు. ఒక ప్రోగ్రాం, ఒక డేటాబేసు, ఒక సర్వరు ఉంటే దానికి ఎక్కువే. కానీ అలా కట్టారో, ఏది చెడినా వేళ్లన్నీ మీవైపే తిరుగుతాయి. అదే ప్రోగ్రాంని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ సర్వీసు అని పేరు పెట్టి, నెట్‌వర్క్ మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకోమని వదిలేస్తే, తప్పు ఎక్కడ జరిగిందో తేలేలోపు మీ హైక్ లెటర్ వచ్చేస్తుంది. సర్వీసులు కట్టి, నిలబెట్టి, తాళం వేయాల్సిన వాళ్ల కోసం ఈ చిట్కాలు. వరసగా పాటించండి. మధ్యలో ఆగి ఆలోచించకండి.

1. ముందు ముక్కలు చేయండి. ఎన్ని ముక్కలన్నది టీమ్‌లో ఉన్న తలల్ని బట్టి తేల్చండి, పనితో సంబంధం లేదు. ఆర్డర్ సర్వీసు, పేమెంట్ సర్వీసు ఎవరైనా రాస్తారు. మీరు సీసా సర్వీసు, మూత సర్వీసు, లేబుల్ సర్వీసు, లేబుల్ మీద అక్షరదోషాలు చూసే సర్వీసు అంటూ 14 దాకా లాగండి. అన్నిటికీ పురాణాల్లోంచి పేర్లు పెట్టండి. "గరుడ పడిపోయాడు సార్, అందుకే జటాయువు పలకట్లేదు" అని పొద్దున్నే స్టాండప్‌లో చెబితే ఎదురు ప్రశ్న రాదు.

లెక్క కూడా మనవైపే ఉంది. 99.9 శాతం సమయం నిలబడే సర్వీసు ఏడాదిలో దాదాపు 9 గంటలు పడుకుంటుంది. ఒక ఆర్డరు గట్టెక్కాలంటే అలాంటివి 10 ఒకేసారి మేలుకుని ఉండాలనుకోండి, మొత్తం మీద 99 శాతానికి దిగుతుంది. అంటే ఏడాదికి 87 గంటలు దుకాణం బంద్. అయినా "మా సర్వీసు 99.9" అని ప్రతివాడూ స్లైడులో నిజమే వేసుకోవచ్చు. మిగతా గంటలకి సొంతదారు ఉండడు.

2023లో అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఒక టీమ్, వీడియో నాణ్యతని కనిపెట్టి ఉండే తమ వ్యవస్థలో చెల్లాచెదురుగా ఉన్న భాగాల్ని ఒకే ప్రోగ్రాంలోకి చేర్చి ఖర్చు 90 శాతానికి పైగా తగ్గించామని తనే రాసుకుంది. ఆ లింకు మీ మేనేజర్‌కి ఎవరూ పంపకుండా చూసుకోండి.

2. పద్నాలుగింటికీ డేటాబేసు మాత్రం ఒకటే. యూజరూ ఒకడే, సర్వాధికారాలతో. ఏ వరస ఎవరు చెరిపారో బ్రహ్మకి కూడా తెలియదు.

3. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసిన పీటర్ డాయిచ్, నెట్‌వర్క్ ప్రోగ్రాములు రాసేవాళ్లు నమ్మే సంగతులతో 1990ల్లో ఒక జాబితా కట్టాడు. నెట్‌వర్క్ ఎప్పుడూ తెగదు. ఆలస్యం సున్నా. బ్యాండ్‌విడ్త్‌కి హద్దు లేదు. నెట్‌వర్క్ భద్రం. ఇలా సాగుతుంది. తు.చ. తప్పకుండా పాటించండి. పైన శీర్షికలో "అపోహలు" అని ఉంటుందట. శీర్షికలు చదివే తీరిక ఎవరికుంది?

4. అయినా అవతలి సర్వీసు పలకకపోతే మళ్లీ పిలవండి. కాసేపు ఆగి, వ్యవధి పెంచుకుంటూ పిలవడం పిరికివాళ్ల పద్ధతి. వెంటవెంటనే పిలవండి. ఒకదాని కింద ఒకటిగా 4 మెట్లున్నాయి, ఒక్కో మెట్టూ 3 సార్లు ప్రయత్నిస్తుంది అనుకుంటే ఒక్క ఆర్డరుకి అట్టడుగు సర్వీసు మీద 81 పిలుపులు పడతాయి. అది నీరసించే పలకలేదన్న సంగతి మనకి అనవసరం. వచ్చిన ఆర్డరే మళ్లీ వచ్చిందని గుర్తుపట్టడానికి పనికొచ్చే నంబరేదీ దాని వెంట పంపకండి. డల్లాస్ అత్తయ్యగారి కార్డులో మూడుసార్లు డబ్బు తెగితే మూడు సీసాలు పంపండి. ఈ నెల అమ్మకాలు పెరిగాయని సేల్స్ వాళ్లు మీకే బిర్యానీ పెట్టిస్తారు.

5. ఎర్రర్లు దాచకండి. ఈ ఒక్క విషయంలో నిజాయతీగా ఉండండి. "ఏదో పొరపాటు జరిగింది" అని ముక్తసరిగా చెప్పి పంపడం మర్యాద కాదు. టేబుల్ పేరేమిటి, సర్వర్ ఎక్కడుంది, ఏ ఫైల్లో ఎన్నో లైనులో కాలు జారింది, అన్నీ కస్టమరు తెర మీద పరిచేయండి. 2006లో సర్వీసులు కట్టడానికి మైక్రోసాఫ్ట్ తెచ్చిన డబ్ల్యుసిఎఫ్‌తో ఇంకా కాపురం చేస్తున్న వాళ్లకి దీనికోసం కాన్ఫిగ్‌లో ఒక మీటే ఉంది: "ఇన్‌క్లూడ్ ఎక్సెప్షన్ డీటెయిల్ ఇన్ ఫాల్ట్స్" ఎదురుగా ట్రూ అని కొట్టడమే. ఎవరైనా అడిగితే టెస్టింగ్ కోసం పెట్టామనండి. ఏడేళ్లుగా టెస్టింగ్ జరుగుతోంది, తప్పేముంది?

ఆ కాన్ఫిగ్ ఫైల్లోనే, లోపలికొచ్చే సందేశం సైజుకి 65,536 బైట్ల హద్దు ఉంటుంది. ఎవరో పగిలిన సీసా ఫొటో పంపిస్తారు, అది అడ్డం పడుతుంది. ఎంత పెంచితే సరిపోతుందని లెక్కలు వేస్తూ కూర్చోకండి. 2147483647 అని కొట్టండి. ఈ పది అంకెలూ చూడకుండా టైపు చేయగలవాడినే మన దగ్గర సీనియర్ అంటారు. రెండు జీబీల సందేశం పంపి సర్వర్‌కి ఊపిరాడకుండా చేసేవాడు రేపెవరైనా వస్తే, అది ఇన్‌ఫ్రా టీమ్ టికెట్.

6. ఇక హోస్టింగ్. క్లౌడ్ ఖాతా రూట్ పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి ఉంచండి. ఉద్యోగం మానేసినవాళ్లని గ్రూపులోంచి తీసేయడం బాగుండదు, పండక్కి మెసేజీలు పెట్టుకుంటాం కదా. ఫైర్‌వాల్ నియమంలో 0.0.0.0/0 అని రాయండి, లోకంలో ఎవరైనా లోపలికి రావచ్చని దాని అర్థం. అతిథి దేవో భవ. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన మాంగోడీబీ డేటాబేసులు వేలల్లో తుడిచిపెట్టుకుపోయి, వాటి స్థానంలో బిట్‌కాయిన్ పంపమని చీటీలు మిగిలాయి. తలుపు వేసుకున్నవాళ్లకి అలాంటి ఉత్తరం ఒక్కటైనా వచ్చిందా?

సర్వీసులు బాగున్నాయో లేదో చూపించే స్టేటస్ పేజీని ఆ సర్వీసులున్న చోటే పెట్టండి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ స్టోరేజ్ సర్వీసు ఎస్3 పడిపోయినప్పుడు వాళ్ల స్టేటస్ పేజీని మార్చే సాధనం కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉంది. అందుకే కాసేపు అంతా పచ్చగా కనిపించింది. మేనేజ్‌మెంట్‌కి కావలసిందీ ఆ పచ్చదనమే.

7. కొత్త కోడ్ శుక్రవారం సాయంత్రం 6 దాటాకే ఎక్కించండి. 8 సర్వర్లుంటే 7 చాలు, ఎనిమిదోది సోమవారం చూసుకోవచ్చు. న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌లో నైట్ క్యాపిటల్ అనే సంస్థ 2012 ఆగస్టు 1న సరిగ్గా అదే స్థితిలో పొద్దున్నే తలుపులు తీసింది. ఎనిమిదో సర్వర్‌లో మిగిలిన పాత కోడ్ లేచి కూర్చుని 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. అంత వేగంగా పనిచేసే కోడ్ మీరెప్పుడైనా రాశారా?

8. తాళంచెవులు కోడ్‌లోనే రాసేయండి. ప్రైవేట్ రిపాజిటరీయే కదా! 2016లో ఉబర్ ఇంజనీర్లు వాడే ప్రైవేట్ రిపాజిటరీలోనే దొంగలకి అమెజాన్ క్లౌడ్ తాళాలు దొరికాయి, వాటితో 5.7 కోట్లమంది వివరాలు తీసుకెళ్లారు. కంపెనీ లక్ష డాలర్లిచ్చి ఏడాదిపాటు గుట్టుగా ఉంచింది. అప్పటి భద్రతాధికారిని 2022లో అమెరికా జ్యూరీ దోషిగా తేల్చింది. మీరు భద్రతాధికారి పదవి ఎప్పుడూ ఒప్పుకోకండి. ఆ కుర్చీలో ఫ్రెషర్‌ని కూర్చోబెట్టండి, లింక్డిన్‌లో అభినందించండి.

9. లాగిన్ పెట్టారా? ఇక భద్రత అయిపోయినట్టే. వచ్చినవాడు ఎవరో తెలిశాక, అతను అడిగే వస్తువు అతనిదేనా అని మళ్లీ అడగడం అవమానించడమే. అడ్రస్ బార్‌లో ఆర్డర్ 1041 అని ఉంటుంది. దాన్ని 1042 చేసి ఎంటర్ కొడితే పక్కింటావిడ ఎన్ని కిలోలు తెప్పించిందో, ఫోన్ నంబరేమిటో, గేటు కోడ్ ఏమిటో వచ్చేస్తాయి. ఏపీఐ లోపాల మీద ఓవాస్ప్ సంస్థ వేసిన 2023 జాబితాలో మొదటి స్థానం దీనిదే. మొదటి ర్యాంకు ఊరికే వస్తుందా! టోకెన్ గడువు 10 ఏళ్లు పెట్టండి, మాటిమాటికీ లాగిన్ అంటే పెద్దవాళ్లకి కష్టం.

10. సర్టిఫికెట్ గడువు గుర్తుచేసే మెయిల్, కంపెనీ వదిలి వెళ్లిపోయినవాడి అడ్రసుకి వెళ్లేలా చూడండి. గడువు తీరాక సర్వీసులు ఒకదాన్నొకటి నమ్మడం మానేస్తాయి. అప్పుడు కొత్తది తెచ్చుకోవడానికి పరుగులెత్తకండి. సర్టిఫికెట్ సరిచూసే ఫంక్షన్‌లో ఉన్నదంతా చెరిపి "రిటర్న్ ట్రూ" అని ఒక్క లైను రాయండి, ఇంటికెళ్లి పడుకోండి. జనం అప్పుల చరిత్రలు దాచే ఈక్విఫ్యాక్స్ కంపెనీలో దొంగల రాకపోకలు పసిగట్టాల్సిన పరికరం సర్టిఫికెట్‌కి గడువు తీరి 19 నెలలైనా ఎవరూ పట్టించుకోలేదని అమెరికా ప్రతినిధుల సభ నివేదిక చెప్పింది. 2017 జులైలో ఎవడో పనిలేనివాడు దాన్ని కొత్తది చేశాడు. చేసీ చేయగానే దొంగలు కనిపించారు, దాదాపు 14.7 కోట్లమంది వివరాలు పోయాయని బయటపడింది. అతను కుదురుగా కూర్చుని ఉంటే ఎంత ప్రశాంతంగా ఉండేది!

11. బ్యాకప్ తీయండి, తిరిగి పెట్టి చూడకండి. గిట్‌ల్యాబ్ 2017లో 5 రకాల ఏర్పాట్లు చేసుకుని, అవసరం పడ్డ రాత్రి ఒక్కటీ సరిగా పనిచేయదని తెలుసుకుంది. 6 గంటల ముందు ఒక ఇంజనీరు వేరే పనికోసం తీసుకున్న కాపీ ఆదుకుంది. వాళ్లు చేసిన అసలు తప్పు, రిపేరు పనంతా యూట్యూబ్‌లో లైవ్ పెట్టడం.

12. ఇది జాగ్రత్తగా చదవండి. మన దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం, సైబర్ సంఘటన జరిగిందని గమనించిన 6 గంటల్లో వాళ్లకి తెలియజేయాలి. గమనించిన 6 గంటల్లో! కాబట్టి గమనించకండి. అలర్టులన్నీ ఒక ఫోల్డర్‌లోకి వెళ్లేలా మెయిల్ రూలు పెట్టండి, ఆ ఫోల్డర్ పేరు "తర్వాత చూద్దాం". లాగులు 180 రోజులు దాచమన్నారు, దాచండి. వాటిలో మాత్రం "ఇక్కడికి వచ్చింది", "ఇక్కడికి కూడా వచ్చింది 2", "ఇది వస్తే పోయినట్టే" అని రాసి ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అది కంపెనీకి. మీ పేస్లిప్‌లో ఆ కాలమ్ లేదు.

13. సాకులు ముందే తయారుగా ఉంచుకోండి. మొదటి గంటలో "నా మెషీన్‌లో పనిచేస్తోంది". రెండో గంటలో "క్యాష్ క్లియర్ చేసి చూశారా?" మూడో గంటలో "నెట్‌వర్క్ టీమ్‌కి టికెట్ వేశాం". ఆ తర్వాత కాల్‌లో మ్యూట్ మీద ఉండి, మీ పేరు పిలవగానే "సారీ, మ్యూట్‌లో మాట్లాడేశాను, ఇప్పుడు వాళ్లు చెప్పిందే నేనూ చెప్పాను" అనండి. ఎవరూ మళ్లీ చెప్పమనరు. రాత్రి రెండు దాటాక సర్వర్‌ని రీస్టార్ట్ చేయండి. అది లేస్తే "మూలకారణం గుర్తించి సరిదిద్దాం" అని మెయిల్ కొట్టండి. మూలకారణం గడిలో "అడపాదడపా వచ్చే సమస్య" అని రాయండి.

14. నోటీస్ పీరియడ్‌లో నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ (కేటీ) అడుగుతారు. ఆఖరి రోజు సాయంత్రం 5కి పెట్టండి. స్క్రీన్ షేర్ చేసి పద్నాలుగు పెట్టెల బొమ్మ చూపించి, బాణాలన్నీ ఒకసారి మౌస్‌తో తడిమి, "ఇదంతా కోడ్ చూస్తే అర్థమైపోతుంది" అనండి. రికార్డింగ్ మీ ఖాతాలోనే ఉంచండి, రాత్రి హెచ్‌ఆర్ మీ ఖాతాతో పాటు దాన్నీ తీసేస్తుంది. కొత్త కంపెనీ ఇంటర్వ్యూలో 14 సర్వీసుల వ్యవస్థ ఒంటిచేత్తో డిజైన్ చేశానని చెప్పండి. వాళ్ల దగ్గర 60 ఉంటాయి. ఎప్పుడు జాయినవుతారని అడుగుతారు.