ఇది విశ్వాసి చూడదగినదేనా?

తెల్లారితే చాలు, మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఇదే మోత. సీరియళ్లు పోయాయి, అత్తాకోడళ్ల కుట్రలట. (అవి పోయినందుకు నాకు బెంగేం లేదు.) క్రికెట్ పోయింది, బెట్టింగులకు దారట. మొన్న పెదకూరపాడు స్టేషన్లో గుంటూరు బండి కోసం కూర్చుని నవల చదువుకుంటుంటే, సంఘ పెద్దగారు వంగి మరీ అట్ట చూశారు. అట్ట మీద ఆడమనిషి బొమ్మ. ఇంకేముంది, "వందనాలు బ్రదర్, ఫిలిప్పీ నాలుగు ఎనిమిది!" అన్నారు. ఏవి తలచుకోవాలో పౌలుగారు చెరసాలలోంచి రాసిన మాట నిజమే. పక్కవాడి పుస్తకం అట్ట తిప్పమని మాత్రం ఆయన ఎక్కడా రాయలేదు.

వడబోయగా వడబోయగా 1978 నాటి 'కరుణామయుడు' ఒక్కటి మిగిలింది. బాపుగారి 'రాజాధిరాజు' మీదా పెద్దగారికి అనుమానమే. అందులో నూతన్ ప్రసాద్ సైతాను మరీ బాగున్నాడట!

బాగుండక చస్తాడా? మా క్రిస్మస్ నాటకమే చూడండి. హేరోదు వేషానికి ఎగబడతారు. కిరీటం, కత్తి, కేకలు, చప్పట్లు. యోసేపు వేషానికి మనిషి దొరకడు. పాపం, నాలుగు సువార్తల్లోనూ ఆయనకు ఒక్క డైలాగు లేదు. కల వస్తుంది, లేచి వెళ్తాడు. మళ్లీ కల, మళ్లీ ప్రయాణం. నటనంతా నిద్రలోనే. కిందటేడు యోసేపు నిజంగానే నిద్రపోయాడు. దూత రెండుసార్లు కేకేసినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి మరియమ్మ గిల్లితే "ఏందే!" అంటూ లేచాడు. ఆయన నోట పలికిన మొదటి మాట అదే. అయ్యగారితో సహా సంఘమంతా పడీపడీ నవ్వింది. ఈసారి హేరోదు ఎవరయ్యా అంటే పెద్దగారి మనవడు. పసిపిల్లల్ని నరికించేవాడికి పెట్టుడు మీసం కొనిచ్చింది తాతగారే.

నా కడుపుమంట వేరే. చూడకూడనివాటి జాబితా చాంతాడంత ఉంది, చదవాల్సినవాటిలో ఒక్క పేరూ లేదు. మన వినుకొండలో పుట్టిన జాషువాగారు 'క్రీస్తు చరిత్ర' రాశారు, దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పురాణాలు చదువుతున్నాడని మనవాళ్లు కన్నెర్రజేశారు, కులం చూసి అటువాళ్లు దూరం పెట్టారు. అన్ని చీవాట్లు తిని ఆ మనిషి క్రీస్తు మీద కావ్యం రాస్తే, దాన్ని వద్దనడానికైనా మనకు దాని పేరు తెలియదు.

ఉండబట్టలేక గ్రూపులో అడిగాను, "క్రీస్తు చరిత్ర మంచిదేనా అండీ?" అని.

పెద్దగారి జవాబు వెంటనే వచ్చింది: "హీరో ఎవరు బ్రదర్?"