ఇరవై ఏళ్ల అనుభవం

బిట్రగుంటలో రిటైరైనవాళ్లు కొండ మీది వెంకన్నకి మొక్కు తీర్చుకుంటారు, పొలం గట్టు తగాదాల్లో తలదూరుస్తారు, సాయంత్రం స్టేషను బెంచీ మీద చేరి ఆవిరింజన్ల రోజులు తలుచుకుంటారు. నాకు ఇవేవీ చాల్లేదు. విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నాను. ‘ప్రొఫెషనల్ డాగ్ ట్రైనర్, 20 ఏళ్ల అనుభవం’ అని.

ఆ ఇరవై ఏళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో మీకు మాత్రమే చెబుతాను, కడుపులో దాచుకోండి. మా నాన్న ఇక్కడి లోకోషెడ్డులో ఫైర్‌మన్. రైల్వే క్వార్టర్స్ వెనక సద్దన్నం కోసం తిరిగే కుక్కలన్నిటికీ చిన్నప్పుడు పేర్లు పెట్టింది నేనే. అది లెక్కలో వేసుకున్నాను. తర్వాత గూడ్సు బండి గార్డు ఉద్యోగం. అందులో కుక్కలేవీ అంటారా? ఈల వేయడం, జెండా ఊపడం, ఆగమన్నచోట ఆగేట్టు చూడటం, కుక్కకి మాత్రం ఇంతకంటే ఏం నేర్పాలి అనుకున్నాను. అదీ లెక్కలో పడింది. ఇక ప్రాక్టికల్స్ మా టైగర్. ‘సిట్’ అంటే ఠక్కున కూర్చునేది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. ముసలితనంలో దానికి కీళ్లు పట్టేశాయనీ, నేను సిట్ అనకపోయినా కూర్చునేదేననీ, ‘గెటప్’ అంటే మాత్రం నా మొహం చూసేదనీ ఎవరికీ చెప్పలేదు.

నన్ను ఆపేవాళ్లు కూడా లేరు. కుక్కపిల్లల్ని పుట్టించి అమ్మేవాడు 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ట్రైనరుకి ఆ బాధ లేదు. లైసెన్సు లేదు, పరీక్ష లేదు, కార్డు కొట్టించే డబ్బులుంటే చాలు. మీరైతే ఆగేవాళ్లా? జ్వరమొచ్చిన పక్కింటాయనకి మాత్ర పేరు చెప్పకుండా మనలో ఎవరం ఉన్నాం?

కావలి నుంచి ఒక బట్టల షాపాయన ఫోన్ చేశాడు. వాళ్ల లాబ్రడార్‌కి ఇంకా ఏడాది నిండలేదు. పేరు బ్రూనో. గేటు తీస్తే మనిషిని ఈడ్చుకుపోతుంది, చుట్టాలొస్తే భుజాల మీద కాళ్లేస్తుంది. అడ్వాన్సు తీసుకున్నాను, కొత్త ట్రాక్‌సూటు కొనుక్కున్నాను, ఆ రాత్రి యూట్యూబు ముందు కూర్చున్నాను. అందులో ఒక కండలవీరుడు చెబుతున్నాడు: కుక్కంటే తోడేలే, గుంపుకి ఒక నాయకుడుంటాడు, ఆ నాయకుడివి నువ్వేనని దానికి తెలియాలి, దానికంటే ముందు నువ్వు తినాలి, అవసరమైతే దాని భాషలోనే గుర్రుమనాలి. సొంత ఇంట్లో టీవీ రిమోట్ కూడా చేతికందనివాణ్ణి. నాయకుడు అనే మాట వినగానే ఒళ్లు పులకరించింది.

ఆ సంగతి ఎంత పాతబడిపోయిందో తర్వాత చదివాను. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జూలో బంధించి పెట్టిన తోడేళ్లని చూసి రాసిన మాట అది. 1970లో డేవిడ్ మెక్ అనే అమెరికన్ తన పుస్తకంతో దాన్ని ఊరూరా తిప్పాడు. ఆ మెక్కే అడవిలో తోడేళ్లని గమనించి, గుంపంటే అమ్మా నాన్నా పిల్లలేననీ, పదవి కోసం కొట్లాట కాదనీ 1999లో రాశాడు. మహానుభావుడు, తన మాటే తప్పన్నాడు. ఆ కబురు మా బిట్రగుంట దాకా రావడానికి బండి కాస్త లేటయింది.

మర్నాడు షాపాయన హాల్లో అందరూ చేరారు. ఆయనా, భార్యా, సెల్‌ఫోనుతో వీడియో తీస్తున్న పిల్లాడూ, అత్తగారూ, మూల కుర్చీలో టీ తాగుతూ ఒక పెద్దాయనా. బ్రూనో చూస్తుండగా బిస్కెట్టు నేనే తిన్నాను. అది తోక ఊపింది. కళ్లలోకి గుడ్లురిమి చూశాను. ఇంకా ఊపింది. ఇక లాభం లేదని మోకాళ్ల మీద వంగాను, అరచేతులు నేలకి ఆనించాను, పళ్లు బయటపెట్టి గుర్ర్‌ర్ అన్నాను, అంతే, అది ఎగిరి మీద పడింది, మొహమంతా నాకింది, కళ్లజోడు లాక్కుపోయింది, దాని వెనక నేను పాకాను, అది కళ్లజోడు వదిలి ట్రాక్ ప్యాంటు పట్టుకుంది, ఎలాస్టిక్ సాగుతోంది, నేను ఒక చేత్తో నడుము పట్టుకుని “నో, స్టాప్, సిట్, ఒరేయ్, నాయనా” అంటున్నాను, పిల్లాడు ఫోను ఇంకా దగ్గరికి తెచ్చాడు, అత్తగారు “ఏందబ్బా ఈయనకి? ఎవురన్నా దిష్టి తీయండి” అంటోంది.

మూల కుర్చీలో పెద్దాయన టీ కప్పు కిందపెట్టి, ఎంతో మర్యాదగా అడిగాడు. “సార్, తమరు ఎక్కడ ట్రైనింగైనారు?”

అన్నాళ్లలో ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే. పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లరుగా చేసి రిటైరయ్యాడట. హైదరాబాదు పక్కన మొయినాబాద్ అకాడమీలో కుక్కతోపాటు తనూ 8 నెలలు శిక్షణ పొందాడు. గ్వాలియర్ దగ్గర టెకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ వాళ్లు 1970 నుంచి నడుపుతున్న కేంద్రంలో నేర్చుకున్నవాడు ఆయన గురువు. “మొదట నేర్పింది కుక్కకి కాదు సార్, నాకు. కెన్నెల్ కడగడం, బొచ్చు దువ్వడం, చెవి వాసన చూసి చీము పట్టిందో లేదో చెప్పడం” అన్నాడు. నేను ట్రాక్ ప్యాంటు పైకి లాక్కుంటూ తలూపాను.

తర్వాత ఉడికించిన కోడిమాంసం తెప్పించి చిన్న ముక్కలు చేశాడు. బ్రూనోకి తాడు కట్టి గేటు వైపు నడిచాడు. అది లాగింది. ఆయన అడుగు కదపలేదు, అరవలేదు. కాసేపటికి అది ఏమైందా అని వెనక్కి తిరిగింది, తాడు వదులైంది. వదులైన ఆ క్షణంలోనే “ఆఁ” అన్నాడు, ముక్క నోట్లో పడింది. “ఒక్క క్షణం ఆలస్యమైతే దేనికి జీతమిచ్చామో దానికి తెలీదు సార్.” పావుగంటలో బ్రూనో గేటు దాకా బుద్ధిగా నడిచింది. అప్పుడు తాడు షాపాయన చేతిలో పెట్టాడు. ఆయనకి నేర్పేసరికి మాత్రం మధ్యాహ్నమైంది.

ఆ రాత్రి పౌరుషమొచ్చి అమెరికా సర్టిఫికెట్ల కోసం వెతికాను. అక్కడా లైసెన్సు తప్పనిసరి కాదుగానీ 2001లో పెట్టిన ఒక మండలి పరీక్ష జరుపుతుంది. అది రాయాలంటే గత మూడేళ్లలో కనీసం 300 గంటలు శిక్షణ ఇచ్చి ఉండాలి. కాగితం తీసుకుని నా గంటలు లెక్కేశాను. బిస్కెట్టు తిన్న సమయం కలిపినా ఒకటి నిండలేదు.

సిగ్గు విడిచి ఆ పెద్దాయన ఇంటికే వెళ్లాను, నేర్పమని. “ముందు తమరే కుక్క. అలవాటే గదా” అన్నాడు. నాతో ఏం చేయించాలో మనసులో అనుకుంటాడట, నోటితో చెప్పడు, నేను చేస్తే గ్లాసు మీద స్పూనుతో కొట్టి వేరుశనగ పప్పు పెడతాడు. కిటికీ దగ్గరికి వెళ్లాను. ఏమీ లేదు. ఫ్యాను స్విచ్చి ముట్టుకున్నాను, చెయ్యెత్తాను, గుండ్రంగా తిరిగాను, ఆయన పెళ్లిఫోటోకి దండం కూడా పెట్టాను. స్పూను కదల్లేదు. కాళ్లు పీకి, విసుగొచ్చి, నేల మీద చతికిలబడ్డాను.

టింగ్. పప్పు చేతిలో పెట్టాడు. తిన్నాను. ఇంకోటి ఇస్తాడేమోనని లేచి మళ్లీ కూర్చున్నాను.