గోడకెక్కని గేదె

కృష్ణా జిల్లాలో ఓ ఊరి పాల సొసైటీ. రెండు పూటలా జనం వచ్చి పోసేవి దాదాపు అన్నీ గేదె పాలే. వెన్న శాతాన్ని బట్టి డబ్బులిచ్చే చోట అంతే మరి! ఆవు పాలకు నాలుగు శాతం వస్తే మహాభాగ్యం. గేదె పాలు ఆరుకి దిగాయంటే చాలు, నీళ్లు కలిపారేమోనని అనుమానం.

ఆ ఏడు సొసైటీ తరఫున గోడ క్యాలెండరు వేయించాలని కమిటీ తీర్మానించింది. శివకాశిలో ప్రెస్సు మాట్లాడారు. నెలకో బొమ్మ. ఊళ్లో ఫోటో స్టూడియో కుర్రాడు కొట్టాలు, చెరువు గట్లు తిరిగి తీసుకొచ్చిన ఫోటోలన్నీ బల్ల మీద పరిచారు.

జనవరికి ఒంగోలు గిత్త. దాని మీద చర్చే లేదు. మూపురం చూసి ప్రెసిడెంటు గారి ఛాతీ పొంగింది. "బ్రెజిల్ వాళ్లు మన దగ్గర్నుంచి పట్టుకెళ్లి, నెలోరు అని మన నెల్లూరు పేరే పెట్టుకున్నారు!" అన్నారు. నిజమే. అక్కడ ఆ జాతి కోట్లలో ఉంది. ఇక్కడ బండలాగుడు పోటీలప్పుడు కనబడితే కనబడినట్టు.

ఫిబ్రవరికి పుంగనూరు ఆవు. "దూడలా ఉందేంటి?" అని ఎవరో నసిగారు గానీ, 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో మేత పెట్టింది వీటికేనని గుర్తుచేయగానే సర్దుకున్నారు. తర్వాత నెల్లూరు పొట్టేలు, మేకపిల్లలు, పందెం పుంజు. ఆఖరికి బాతులకి కూడా ఓ నెల దొరికింది.

గేదె ఫోటోలు లేకపోలేదు. చెరువులోంచి లేచొస్తున్న ముర్రా గేదె ఒకటి ఉంది. తడి వీపు మీద ఎండ, చుట్టలు తిరిగిన కొమ్ములు. నన్నడిగితే ఆ కట్ట మొత్తంలో ఫోటో అంటే అదే. సెక్రటరీ గారు దాన్ని బోర్లా పెట్టేశారు.

"పొద్దున్నే లేచి యముడి వాహనం మొహం చూడమంటారా జనాన్ని? పైగా నలుపు. అచ్చులో బురదలా పడుద్ది."

"యముడెక్కేది దున్నపోతుని నాయనా. అది మూడో ఈత గేదె. మాదే" అని గుమ్మంలోంచి వినబడింది. బోనస్సు సంగతి కనుక్కుందామని వచ్చిన ముసలామె.

"బోనస్సు ఈసారి కాస్త తగ్గుద్ది పిన్నీ" అన్నారు సెక్రటరీ గారు, ఫోటోల్లోంచి తలెత్తకుండానే. "క్యాలెండర్ల ఖర్చుంది కదా!"

ఆమె మారు మాట్లాడలేదు. డిసెంబరు ఆఖర్న అందరితోపాటు తన క్యాలెండరూ చంకన పెట్టుకుని వెళ్లింది.

జనవరి ఒకటో తారీఖు పొద్దున్నే వరసలో నిలబడి, తన వంతు రాగానే క్యాను బల్ల మీద పెట్టింది. సెక్రటరీ గారు మూత తీసి చూశారు. ఖాళీ.

"పాలేవి పిన్నీ? గేదె వట్టిపోయిందా?"

"వట్టిపోవడమేం, నిక్షేపంలా ఇస్తోంది. ప్రైవేటు డెయిరీ వ్యానుకి పోసొచ్చా."

"మరి ఈ ఖాళీ క్యాను ఎందుకు?"

"ఈ నెల గిత్తది కదా నాయనా. పితుక్కోడానికి క్యాను కావాల్సొస్తుందేమోనని తెచ్చా."