‘చదివావా’ మావయ్యగారు

ఎదురుపడితే "బాగున్నావా?" అనేవాళ్లు ఊరంతా ఉంటారు. మా వీధి మావయ్యగారు మాత్రం "చదివావా?" అంటారు. ఏ పుస్తకం గురించి అడుగుతున్నారో గుర్తు తెచ్చుకునే లోపే రెండో ప్రశ్న పడుతుంది. "ఎంతవరకొచ్చింది?" అక్కడ నీళ్లు నమిలామా, అయిపోయామన్నమాటే. కూరగాయల బండి దగ్గరైనా సరే, గ్యాసు బండ దింపిన కుర్రాడు డబ్బుల కోసం నిలబడ్డా సరే, శాతవాహనుల దగ్గర ఎత్తుకుని కాకతీయుల మీదుగా మధుర నాయకుల దాకా తీసుకెళ్లి గాని వదలరు. ఈలోగా బెండకాయలు ముదిరిపోతాయి.

వరసకు ఆయన నాకేమీ కారు. సత్యనారాయణపురంలో మా మూడు వీధుల వాళ్లకీ ఆయన మావయ్యగారే, వాళ్లావిడ అత్తయ్యగారే. ఇలాంటి మావయ్యగారు మీ పేటలోనూ ఒకరుండే ఉంటారు. చేతిలో పుస్తకాల సంచి రంగు మారుతుందేమో గాని సరుకు మారదు.

ఆయన 32 ఏళ్లు బీమా ఏజెంటుగా చేసి మానేశారు. మానేసింది పాలసీలు కట్టించడమే గాని, కట్టించే అలవాటు కాదు. బీమా ఏజెంటుకి ఒక విద్య తెలిసి ఉండాలి. ఎదుటివాడింట్లో కూచుని కాఫీ తాగుతూ, వాడి చావుని కాస్త నెమ్మదిగా ప్రస్తావించాలి. వాడు గుటక వేశాక ఫారం తియ్యాలి. మావయ్యగారు ఇప్పుడు ఫారానికి బదులు నవల తీస్తారు. "ఈమధ్య మనసు ఎక్కడా నిలవడం లేదు కదమ్మా?" అంటారు జాలిగా. ఎవరి మనసు నిలుస్తోంది గనక? మనం అవునన్నట్టు తలూపుతాం. అంతే, సంచి జిప్పు చప్పుడు వినపడుతుంది.

పరిభాష కూడా పాతదే. "మొదటి వంద పేజీలూ ప్రీమియం అనుకో. ఆ పైనంతా బోనస్సే." మధ్యలో ఆపేశానన్నవాడిని "లాప్స్ చేశావుట్రా!" అని ఆప్తులు పోయినంత బాధగా చూస్తారు. పునరుద్ధరణకి మళ్లీ మొదటి ప్రకరణం నుంచి కట్టుకు రావలసిందే, మినహాయింపుల్లేవు. డైరీలో ఎడమవైపు మన పేరు, మధ్యలో పుస్తకం, కుడివైపు గడువు తేదీ. నా పేరు మీద ప్రస్తుతం మూడు బకాయిలున్నాయి.

ఆయన సంచిలో ఉండేవి రెండే రకాలు, చారిత్రక నవలలూ స్ఫూర్తినిచ్చే నవలలూ. తేడా ఏమిటని ఒకసారి అడిగాను. "అయిదు వందల ఏళ్ల కిందటివాడు కష్టపడితే చారిత్రకం. యాభై ఏళ్ల కిందటివాడు కష్టపడితే స్ఫూర్తి." చదివేవాళ్ల కష్టం ఈ రెండింట్లో ఏ పద్దు కిందికి వస్తుందో అడగలేదు.

ఈ మనిషిని ఎగతాళి చేసి ఊరుకోలేకపోవడానికి కారణం, ఆయన నిజంగా చదివినవాడు కావడం. ఎదురింటి ఇంటర్ కుర్రాడికి అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ ఇచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. వాడు అట్ట చూసి, "ఈయన నాకు తెలుసు తాతగారూ, అల్లు అర్జున్" అన్నాడు. 2015 నాటి సినిమా. మావయ్యగారు కళ్లు మూసుకుని తెరిచారు. వాడు గడుసువాడు, ఊరుకోలేదు. "ఇందులో ఏది నిజం, ఏది కల్పితం?"

"రుద్రమదేవి నిజం. ఆవిడ పోయిందని చెప్పే చందుపట్ల శాసనం నిజం, 1289 నాటిది, నకిరేకల్ దగ్గరుంది. గోన వంశం నిజం. రంగనాథ రామాయణం ఆ ఇంటివాడైన బుద్ధారెడ్డి పేరు మీదే ఉంది. గుర్రం కూడా నిజమే. ఆ గుర్రం మీద గన్నారెడ్డి అంత అందంగా కూచోవడం మాత్రం, రాసినవాడు చిత్రకారుడు కాబట్టి."

బాపిరాజు నవలల గురించి ఇంతకంటే పొందికైన మాట నేను పెద్ద పెద్ద సభల్లో కూడా వినలేదు. నగల వర్ణన, చీర అంచుల వర్ణన వచ్చినప్పుడు కథ కాసేపు ఆగి నిలబడుతుంది. కుంచె పట్టినవాడు కలం పట్టుకున్నా రంగు ఆరేదాకా కదలడు మరి. కుర్రాడు పుస్తకం తీసుకున్నాడు. మావయ్యగారు అంతటితో ఆగితే బాగుండేది. "ఒక్కదానితో రుద్రమ పూర్తికాదురా" అంటూ నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ కూడా చేతిలో పెట్టారు. "ఈయన రేపల్లెలో ప్లీడరు. అందుకే కేసు కట్టల్లా వరసగా పేర్చాడు. ‘నారాయణభట్టు’లో నన్నయ కాలం, ‘రుద్రమదేవి’లో తిక్కన కాలం, ‘మల్లారెడ్డి’లో ఎర్రన కాలం. భారతం ఎలా తెలుగైందో మూడు నవలల్లో సాక్ష్యం దొరుకుతుంది. ఆ తరవాత ‘కవిసార్వభౌముడు’లో శ్రీనాథుడు…" వాడు అడిగింది ఒక్క ప్రశ్న. ఇంటికి మోసుకెళ్లింది అయిదు పుస్తకాలు. ఆ ఏడాది వాడికి ఫిజిక్సు పోయిందనీ, దానికి మావయ్యగారే కారణమనీ వాళ్లమ్మ అంటుంది. వాడు మాత్రం మొన్న సెలవుల్లో స్నేహితుణ్ణి వెంటేసుకుని, బండి మీద చందుపట్ల వెళ్లి, శాసనం ముందు సెల్ఫీ దిగొచ్చాడు. డైరీలో వాడి పేరు పక్కన ఎర్ర సిరాతో చుక్క పడింది.

వచ్చిన చిక్కల్లా సమయాసమయాల దగ్గరే. పుస్తకం మంచిదా కాదా అన్నదాంట్లో ఆయన పొరబడరు. ఎవరికి, ఎప్పుడు అన్నదాంట్లో ఆయన సరిగ్గా చెప్పగా నేను చూడలేదు.

మా వెనకింటి పిల్ల పెళ్లికి అందరూ గోడ గడియారాలిస్తే ఆయన విశ్వనాథ ‘ఏకవీర’ ఇచ్చారు. అట్ట మీద గులాబి రంగు రిబ్బను. "భార్యాభర్తలిద్దరూ కలిసి చదువుకోండి" అని దీవించారు కూడా. చదవనివాళ్ల కోసం కథ చెబుతాను. ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకడు మనసిచ్చిన పిల్ల రెండోవాడికి భార్య అవుతుంది. రెండోవాడు మనసిచ్చిన పిల్ల మొదటివాడికి భార్య అవుతుంది. నలుగురిలో సుఖపడేవాడు ఒక్కడూ లేడు. ఆషాఢానికి పుట్టింటికొచ్చిన పిల్ల ఏకబిగిన చదివేసి, రాత్రి పదింటికి మొగుడికి ఫోన్ చేసి, "పెళ్లిలో మీ పక్కనే తిరిగిన ఆ స్నేహితుడికి సంబంధం ఎక్కడ కుదిరింది?" అని ఆరా తీసింది. శ్రావణం దాకా రెండు కుటుంబాల వాళ్లకీ నిద్రల్లేవు.

ఇంకోసారి గుండెకి ఆపరేషనైన పెద్దాయన్ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తూ బత్తాయిలతో పాటు బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ పట్టుకెళ్లారు. గొప్ప నవల, కాదన్నవాళ్లెవరు? కాని మంచం పక్కన నిలబడ్డ ఇల్లాలు బత్తాయిలు అందుకుని, పుస్తకం పేరు చదివి, కొంగు నోట్లో కుక్కుకుంది. గ్రూప్ టూ రెండుసార్లు తప్పిన కుర్రాడొకడు పాపం స్ఫూర్తి కోసం తనంత తానుగా వచ్చి అడిగితే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ ఇచ్చారు. వాడు మూడ్రోజులు గది తలుపు తియ్యలేదు. "అదేమిటి మావయ్యగారూ?" అంటే, "ఎలా బతక్కూడదో తెలియడం కంటే స్ఫూర్తి ఏముందమ్మా?" అన్నారు. తర్కానికి నిలిచే మాటే. వాళ్లమ్మ ముందే నిలవలేదు.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తన పై అధికారికి తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ చదవమని ఇచ్చారట. రాక్షసుడనుకున్నవాడిలో మనిషిని చూపించిన నవల అది. ఆ అధికారికి అందులో మనిషి కనపడలేదు, దండయాత్ర కనపడింది. ఆ ఏడాది మార్చి నెలాఖరు టార్గెట్ల సంగతి తోటి ఏజెంట్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

డాలస్ వెళ్తున్న మా అన్నయ్య కొడుక్కి వీడ్కోలు చెప్పడానికి వచ్చి ‘వేయిపడగలు’ ఇచ్చారు. విమానంలో సూట్‌కేసుకి 23 కిలోలు. మా వదిన పుస్తకాన్ని ఒక చేత్తో, గోంగూర పచ్చడి డబ్బాని ఇంకో చేత్తో పట్టుకుని తూకం చూసింది. మావయ్యగారు ఎదురుగానే ఉన్నారు. "అక్కడ గోంగూర దొరుకుతుందమ్మా, ధర్మారావు దొరకడు" అన్నారు. వదిన ఆయన ముందు పుస్తకం సర్ది, ఆయన గేటు దాటాక పచ్చడి సర్దింది. ఆ ‘వేయిపడగలు’ దిక్కులేనిదై నా దగ్గరకొచ్చింది. ఆ సంగతి ఆయనకెలా తెలిసిందో తెలియదు గాని, వారం తిరక్కుండా డైరీలో బకాయి నా పేరు మీదికి బదిలీ అయింది.

పిసినారి మాత్రం కాదు. పాత పాలసీల మీద ఇప్పటికీ వచ్చే రెన్యువల్ కమీషన్ మొత్తం పుస్తకాలకే పోతుంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం జరిగినన్నాళ్లూ ఆయన ఇంట్లో భోజనం చెయ్యరు. మొక్కజొన్న పొత్తు తిని, ఒక్కో నవలా రెండేసి ప్రతులు కొంటారు. ఒకటి ఉంచుకోవడానికి, ఒకటి ఎవరికో అంటించడానికి.

ఇన్ని చెబుతారు కదా, మనం ఒక పుస్తకం చదవమంటే వింటారా? ఇక్కడే ఈ జాతి లక్షణం బయటపడుతుంది. సిఫార్సు చేసేవాళ్లు సిఫార్సు పుచ్చుకోరు. మిఠాయి దుకాణం వాడికి మిఠాయి పెట్టినట్టు మొహం పెడతారు.

పోయిన నెల ములక్కాడలు ఇద్దామని వాళ్లింటికెళ్తే మావయ్యగారు స్నానంలో ఉన్నారు. అత్తయ్యగారు బీరువా సర్దుతున్నారు. అడుగు అరలో వారపత్రికల్లోంచి చింపి బైండు చేయించిన సీరియళ్లు, పక్కన అట్ట ఊడిన నవలలు. అన్నిటికంటే నలిగిపోయి ఉన్నది యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’.

"మావయ్యగారు చెప్పినవేమైనా చదివారా అత్తయ్యగారూ?" అన్నాను.

"ఆయన చెబుతుంటే వినడమే అయిపోతోంది, ఇంక చదివేదెప్పుడు? ఇది మాత్రం చదివానమ్మా. పీయూసీ తప్పి ఇంట్లో కూచున్న ఏడు. జయంతి ఉద్యోగానికెళ్తుంటే నేనెందుకు వెళ్లకూడదూ అనిపించింది. మర్నాడే వెళ్లి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. లోయరూ హయ్యరూ రెండూ పాసై, కరెంటాఫీసులో 31 ఏళ్లు చేశాను. మీ మావయ్యకి ఒక్క పాలసీ కూడా దొరకని నెలల్లో ఈ ఇంటి పాలసీలకి ప్రీమియం కట్టింది ఆ టైపు మిషనే."

తల తుడుచుకుంటూ వచ్చిన మావయ్యగారు ఆ పుస్తకం చూసి నవ్వారు. "మా ఆవిడ చరిత్ర పరిశోధన చూశావా? అందులో స్ఫూర్తి పొందడానికి ఏముందని!"

"ఏముందా? ఈ డాబా ఉంది" అన్నారు అత్తయ్యగారు, బీరువాలోంచి తల బయటికి పెట్టకుండానే.

ఆయన తువ్వాలు మళ్లీ తలకి పట్టించారు. అప్పటికే తల పూర్తిగా ఆరిపోయింది.

మర్నాడు ఏలూరు రోడ్డులో ‘సెక్రటరీ’ కొత్త ప్రతి కొని, ఆయన చేతిలో పెట్టి, గడువు పదిహేను రోజులన్నాను. గడువు దాటాక పాల ప్యాకెట్ల దగ్గర కనపడితే, ఈసారి నేనే ముందు అందుకున్నాను. "చదివారా?"

"మొదలుపెట్టానమ్మా. బాగానే ఉంది. మధ్యలో చుట్టాలొచ్చారు. కళ్లజోడు కూడా మార్చాలి" అన్నారు. ఇన్నేళ్లూ మేమంతా ఆయనకి చెప్పిన సాకులే, పొల్లు పోకుండా అదే వరసలో. వెంటనే తేరుకుని, "ఇంతకీ ‘వేయిపడగలు’ ఎంతవరకొచ్చింది?" అన్నారు.

అయిపోవచ్చిందని చెప్పాను. ఆదివారం వచ్చి కూచుని తీరిగ్గా మాట్లాడుకుందామన్నారు. నేనున్నది 212వ పేజీలో. మీలో ఎవరైనా ఆ పుస్తకం చివరిదాకా చదివినవాళ్లుంటే, ఆఖరి వంద పేజీల్లో ఏం జరుగుతుందో శనివారం సాయంత్రం లోపు నాకు కాస్త చెప్పిపెట్టండి.