జానెడు లేపండి మహాప్రభో!

నా కుడిచేతి చిటికెన వేలు మళ్లీ మొద్దుబారింది. గిల్లినా తెలియడం లేదు. పక్కనున్న ఉంగరపు వేలు కూడా సగం దాని పార్టీలో చేరింది. దీనంతటికీ కారణం మా చిన్నోడు కొనిచ్చిన గేరు సైకిలు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే దాని హ్యాండిలు. అది సీటు కంటే కిందికి ఉంటుంది. తొక్కాలంటే నాటేసే కూలీలా నడుము వంచాలి. నాటేసేవాళ్లకు సాయంత్రం కూలైనా వస్తుంది.

రిటైరైనవాడికి సైకిలెందుకు, షుగరెంత, కొడుకు ఏ దేశంలో ఉన్నాడు అని మీరు అడగరు, నేను చెప్పను. మీ వీధిలోనూ ఇలాంటి సైకిలొకటి వరండాలో తడిబట్టలు ఆరేయడానికి పనికొస్తూనే ఉంటుంది. నాదింకా ఆ దశకు రాలేదు. తొక్కుతున్నాను. అదే నా ఖర్మ.

పొద్దున్నే నల్లగొండ గడియారం సెంటర్ నుంచి పానగల్లు దాకా నా సవారీ. కందూరు చోడులు రాజధానిగా ఏలిన ఊరది. పచ్చల సోమేశ్వరాలయం ఉంది, ఛాయా సోమేశ్వరాలయం ఉంది, ఉదయసముద్రం కట్ట ఉంది. ఉన్నాయని నాకు పాత జ్ఞాపకం. ఈ సైకిలెక్కినప్పటి నుంచి నేను చూసింది ముందు టైరు ఒక్కటే. తలెత్తుదామంటే మెడ పట్టేస్తుంది. ఎదురొచ్చినవాళ్లు "నమస్తే సార్" అంటే ఎవరో తెలియక వాళ్ల చెప్పులకు నమస్తే పెడుతున్నాను. రిటైరైనంక సారుకు వినయం బాగా పెరిగిందని బజారులో చెప్పుకుంటున్నారట.

వేలు చూపిద్దామని దవాఖానకు పోతే, డాక్టరు నా మెడ అటూ ఇటూ తిప్పించి మొదట అడిగిన మాట, "చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగిండ్రు?" ఇక్కడి డాక్టర్లకు అది అలవాటు. "మూసీ కాలువ కింది ఊరు సార్" అన్నాను. "అయితే మంచిదే" అని ఆయన నిమ్మళించి నరాల పాఠం మొదలుపెట్టాడు. చిటికెన వేలికి పోయే అల్నార్ నరం అరచేతి మొదట్లో ఒక ఇరుకు సందులోంచి పోతుందట. హ్యాండిలు కిందికి ఉంటే ఒంటి బరువు అరచేతుల మీద పడి ఆ సందులో నరం నలుగుతుంది. దీనికి హ్యాండిల్‌బార్ పాల్సీ అని పేరు కూడా ఉంది. మందేమిటంటే హ్యాండిలు లేపుకోవడం. ఫీజు ఇక్కడ కట్టి, మందు సైకిలు దుకాణంలో కొనుక్కునే రోగం నాకే వచ్చింది.

కొన్న దుకాణానికి తోసుకుపోయాను. కౌంటరు దగ్గరి పిల్లగాడు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సార్, గిది స్పోర్టీ పొజిషన్. గిట్లనే ఉండాలె" అన్నాడు.

"నాకు స్పోర్టు వద్దు బిడ్డా. జెర పైకి లేపు."

"లేవది సార్. డిజైనే గట్ల."

పాలమూరులో ఉన్న మా బావమరిదికి ఫోన్‌లో మొర పెట్టుకుంటే, ఆయన పిల్లలమర్రి దగ్గర నడక ఆపకుండానే తీర్పు చెప్పాడు: "బావా, హ్యాండిల్ లేస్తలేదంటే సీటే దించు. రెండూ ఒక్కటే కదా!" దించాను. మెడనొప్పి అలాగే ఉంది, దానికి తోడు మోకాళ్ల నొప్పి మొదలైంది. సీటును మళ్లీ ఎక్కించాను. బావమరిదికి మళ్లీ ఫోన్ చేయలేదు.

వెనకటి సైకిళ్లకు ఈ గోస లేదు. హ్యాండిలు నెత్తిన ఒకే ఒక్క బోల్టు. పానాతో నాలుగు చుట్లు వదులు చేసి, దాని మీద కర్రముక్క పెట్టి సుత్తెతో ఒక్కటి వేస్తే లోపలి చీల జారి గొట్టం వదులయ్యేది. ముందు చక్రాన్ని కాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిలును అటూ ఇటూ తిప్పుతూ కావలసినంత లేపి, గొట్టం మీది గీత బయటపడకుండా చూసి బోల్టు బిగిస్తే అయిపోయె. ఒక్క తిరకాసు ఉండేది. కడ్డీ బ్రేకుల బండి కాబట్టి హ్యాండిలు లేస్తే దాంతోపాటు కడ్డీ కూడా పైకి లేచి బ్రేకు దిమ్మలు రిమ్మును పట్టేసేవి. అందుకని కడ్డీ మర కూడా సడలించి మళ్లీ కొలత పెట్టాలి. అది మరిచినవాడి సైకిలు దుకాణం మెట్టు దాటేది కాదు. ఇదంతా ఒక చాయ్ చల్లారేలోగా అయ్యే పని. తాత తొక్కిన సైకిలు మనవడికి, మనవడి సైకిలు ఇంటికొచ్చిన అల్లుడికి సరిపోయింది ఆ ఒక్క బోల్టు పుణ్యాన.

మా ఈడు పిల్లలం మాత్రం ఆ హ్యాండిలును తలకిందులుగా బిగించుకునేవాళ్లం, రేసు సైకిలని చూసినోళ్లు అనుకోవాలని. అప్పుడు కిందికి దించడానికి సైకిలు దుకాణం చాచా దగ్గర బతిమాలుకున్నాం. ఇప్పుడు పైకి లేపడానికి బతిమాలుకుంటున్నాం.

కొత్త సైకిలుకు ఆ బోల్టు ఉండదు. చిమ్టా గొట్టమే పైదాకా వస్తుంది, దాన్ని బయటి నుంచి హ్యాండిలు పట్టుకుంటుంది. ఆ గొట్టాన్ని ఎంత పొడుగు ఉంచాలో కంపెనీవాడు నిర్ణయించి మిగిలింది కోసేస్తాడు. కోసిన గొట్టం మళ్లీ పెరగదు. అంటే నా నడుము ఎంత వంగాలో నన్ను చూడనివాడెవడో, నన్ను కలవకముందే తేల్చేశాడు. ఎందుకు? గాలి కోసం. వేగంగా పోయేవాడికి అసలు శత్రువు ఎదురుగాలి. ఒళ్లు వంచితే గాలి తక్కువ తగులుతుంది. మంచిదే. కానీ నా వేగం ఎంతంటే, వెంటబడ్డ కుక్కలు కూడా విసుగొచ్చి మధ్యలో ఆగిపోతాయి.

అసలు సైకిలు మీద మనిషి చేతులెక్కడ ఉండాలన్నది చిన్న తగాదా అనుకోకండి. ప్రపంచ సైక్లింగ్‌కు పెద్దలైన యూసీఐవాళ్లు ఈ విషయం మీద తొంభై ఏళ్లుగా పంచాయితీలు చేస్తున్నారు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచివాడు పడుకుని తొక్కే సైకిలు మీద గంటలో 45 కిలోమీటర్లు దాటాడు. కూర్చుని తొక్కేవాళ్లకు ఒళ్లు మండింది. 1934లో పెద్దలు కూర్చుని తీర్మానించారు: పడుకుని తొక్కే పందెం చెల్లదు. సుఖంగా ఉంటే అది సైకిలు కాదని అప్పుడే తేలిపోయింది.

ఆ తర్వాత గ్రేమ్ ఓబ్రీ వచ్చాడు. స్కాట్లండ్‌వాడు. సైకిలు దుకాణం పెట్టి దివాలా తీసినవాడు. సొంతంగా ఒక సైకిలు తయారు చేసుకున్నాడు. అందులో బేరింగులు వాషింగ్ మెషిన్‌వి. హ్యాండిలును రొమ్ము కిందికి తెచ్చి, చేతులు ముడిచి, వాటి మీదే రొమ్ము ఆనించి తొక్కాడు. 1993 జూలై 16న నార్వేలోని హామర్‌లో గంట రికార్డుకు ప్రయత్నించి ఓడిపోయాడు. ఇంకొకడైతే ఇంటికి పోయి పడుకుంటాడు. ఈయన రాత్రి కాళ్లు బిగుసుకుపోకుండా మధ్యమధ్య లేచి సాగదీసుకోవాలని నీళ్లు బాగా తాగి పడుకున్నాడట, మూత్రానికి లేవాల్సి వస్తుందని. నాకు షుగరు ఆ సేవ ఉచితంగానే చేస్తోంది, రికార్డులే రావడం లేదు. తెల్లారి 17న మళ్లీ ఎక్కి 51.596 కిలోమీటర్లు తొక్కి, 1984 నుంచి ఫ్రాంచెస్కో మోజర్ పేరున ఉన్న రికార్డు కొట్టేశాడు. ఆరు రోజులకు క్రిస్ బోర్డ్‌మన్ దాన్ని దాటాడు. 1994 ఏప్రిల్‌లో ఓబ్రీ మళ్లీ లాక్కున్నాడు.

ఇక పెద్దలకు నిద్రపట్టలేదు. చేతులు ముడవరాదన్నారు. 1994లో పలెర్మోలో ప్రపంచ పోటీలకు వెళ్తే ఆయన్ని అనర్హుడిని చేశారు. సరే, ముడవొద్దంటే చాపుతానని, చేతులు రెండూ ముందుకు బారచాపి 1995లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అదే ఆసనంలో బోర్డ్‌మన్ 1996లో గంటకు 56.375 కిలోమీటర్లు తొక్కాడు. పెద్దలు అదీ నిషేధించారు. అంతటితో ఆగారా? 2000లో ఆ రికార్డులన్నిటినీ వేరే ఖాతాలోకి నెట్టి, అసలైన రికార్డు 1972లో ఎడ్డీ మెర్క్స్ తొక్కిన 49.431 కిలోమీటర్లేనన్నారు. మా దగ్గర భూముల రికార్డులు కూడా ఇంత వెనక్కి పోవు.

ఆ పెద్దల్ని ఒక్కసారి మునుగోడు రోడ్డు మీదికి తీసుకురావాలని నా కోరిక. హ్యాండిలుకు అటొక కల్లు లొట్టి, ఇటొక లొట్టి, వెనక క్యారేజికి ఇంకో రెండు కట్టుకుని, నురగ పొంగకుండా ఎదురుగాలిలో వచ్చే గీతన్న చేతులు ఎక్కడున్నాయో కొలవమనాలి. పాలన్న క్యాన్ల మధ్య మోకాళ్లు ఎట్లా ఆడుతున్నాయో చెప్పమనాలి. వీటికీ నా చిటికెన వేలికీ సంబంధం ఏమిటంటే, ఏమీ లేదు. మనసుకు కాస్త ఊరట, అంతే.

చివరికి వేపచెట్టు కింద పాత దుకాణం చాచా దగ్గరికే పోయాను. ఒకప్పుడు గంట కిరాయికి సైకిళ్లిచ్చినవాడు. మేమంతా ఆయన సైకిళ్ల మీదే కైంచి తొక్కుడు నేర్చుకున్నాం. నా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, "బోల్టు ఏది సార్?" అన్నాడు.

"అదే లేదు చాచా."

"వెనకటి సైకిలు మనిషి చెప్పినట్టు ఇనేది. గిది మనిషికే చెప్తది" అని, హైదరాబాదు నుంచి గొట్టాన్ని పొడిగించే జోడింపు ముక్క తెప్పిస్తానన్నాడు. గేరు తీగలు, బ్రేకు తీగలు పొట్టివవుతాయి కాబట్టి అవీ మార్చాలన్నాడు. అది వచ్చేదాకా రోజూ అక్కడ బల్ల మీద కూర్చుని, నా మెడ గురించి, కంపెనీవాళ్ల గురించి, నా వెన్ను మీద ఎవరికో ఉన్న అధికారం గురించి వచ్చీపోయేవాళ్లందరికీ వినిపించాను.

ఒకరోజు మర్రిగూడ దిక్కు నుంచి ఒక పెద్దాయన పాత సైకిలు తోసుకుంటూ వచ్చాడు. నన్ను చూడటానికి ఆయన మెడ తిప్పలేదు, ఒళ్లంతా తిప్పాడు. హ్యాండిలుకు ఎడమ పక్క మోటారుసైకిలు అద్దం బిగించి ఉంది. వెనక వచ్చే లారీ చూసుకోవడానికి చాచానే పెట్టాడట. అది సడలింది, బిగించుకుని పోదామని వచ్చాడు. నా మెడనొప్పి ఉపన్యాసం మొత్తం ఓపిగ్గా విని, "హ్యాండిల్ లేస్తే తగ్గుతది సారూ, ఫికరు చేయకుండ్రి" అని నాకే ధైర్యం చెప్పి పోయాడు.

ఆ తర్వాత నాకు మాట రాలేదు. మా జిల్లా రాళ్లలో ఫ్లోరైడ్ ఉంది. అది నీళ్లలోకి దిగి, ఏండ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్ల ఎముకల్లోకి చేరింది. వెన్ను బిగుసుకుంటుంది, మెడ తిరగదు, వంగిన నడుము వంగినట్టే ఉండిపోతుంది. పటిక, సున్నం వేసి ఆ నీళ్లను శుద్ధిచేసే పద్ధతికి నాగ్‌పూర్ శాస్త్రవేత్తలు నల్లగొండ టెక్నిక్ అని మా ఊరి పేరే పెట్టారు. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పల్లెల్లోకి మంచినీళ్లు రావడానికి మాత్రం తరాలు పట్టింది. 2015లో చౌటుప్పల్‌లో నీళ్ల పథకం పైలాన్ లేచింది. అప్పటికే వంగినవాళ్ల వెన్నులు లేవలేదు. వాళ్లను పట్టించుకునే పెద్దల పంచాయితీ ఏ దేశంలోనూ కూర్చోలేదు. నా వంగుడు కొనుక్కున్నది, డబ్బు పెడితే పోతుంది. డాక్టరు ఆ రోజు నీళ్ల గురించి ఎందుకడిగాడో, నా జవాబు విని ఎందుకు నిమ్మళించాడో, ఆ అద్దాన్ని చూసిన తర్వాత గానీ నాకు పూర్తిగా ఎక్కలేదు.

మొత్తానికి ముక్క వచ్చింది, హ్యాండిలు జానెడు లేచింది. వేలికి మళ్లీ స్పర్శ తెలుస్తోంది. పానగల్లు గుడి గోపురం కనబడింది. నేనిన్నాళ్లు నమస్తే పెట్టిన చెప్పుల్లో ఒక జత, నాకు బాకీ ఉండి తప్పించుకు తిరుగుతున్న మాజీ కొలీగుదని కూడా తేలింది.

అయితే ఒంటి బరువు ఎక్కడికీ పోదు కదా. చేతుల మీద నుంచి లేచి పిర్రల మీద కూర్చుంది. ఆ రేసు సీటు నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు. పోయి చెబితే చాచా నవ్వి, దుకాణం వెనక నుంచి దుమ్ము దులుపుతూ స్ప్రింగుల సీటొకటి పట్టుకొచ్చాడు. "అట్లాస్‌ది సార్, ఒరిజినల్. ఎయ్యాల్నా?" వేయించాను. క్యారేజి, స్టాండు, పెద్ద బెల్లు కూడా ఉన్నాయట. నాకు ఇంకో రెండు మూడు చోట్ల నొప్పి వచ్చిందంటే, మా చిన్నోడి గేరు సైకిలు పూర్తిగా అట్లాస్ అయిపోతుంది.