ఏడో అట్ట

పీహెచ్‌సీలో నన్ను ఎర్రట్ట అంటారు. ఆకుపచ్చది నా చెల్లెలు. కుష్ఠు మచ్చలు ఐదులోపు ఉన్నవాళ్లకి 2025 దాకా అది, ఐదు దాటితే నేను. నా ఒంటి మీద 60 బిళ్లలు. ఆరు మొదటిరోజువి, తక్కినవి రోజుకు రెండు చొప్పున 27 రోజులకి. మేం 12 మందిమి ఒకరి తర్వాత ఒకరం ఒకే మనిషి ఇంటికి వెళ్లాలి. నేను ఏడోదాన్ని.

నేను వెళ్లింది నాట్లకూలీ ఇంటికి. పీహెచ్‌సీలో మందులిచ్చే డీపీఎంఓ సారు ఎదుటే ఆమె రెండు ఎర్రటి గొట్టం మాత్రలు, మూడు గోధుమరంగువి, ఒక తెల్లబిళ్ల మింగింది. నన్ను కొంగున ముడేసి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దూర్చింది. రక్తం పట్టడానికి వేసుకుంటున్నానని అత్తకి చెప్పింది. నాకు నవ్వొచ్చింది. నాలోని తెల్లబిళ్ల డాప్సోన్, అది రక్తాన్ని ఎంతోకొంత తగ్గించే రకం!

మా ఇంట్లో పెద్దది ఆ తెల్లబిళ్లే. 1908లోనే పుట్టినా 1940ల దాకా దాన్ని ఈ పనికి పిలిచినవాళ్లు లేరు. అప్పటిదాకా చాల్‌మోగ్రా నూనె సూదులే దిక్కు. గుచ్చినచోట గడ్డకట్టి, మందే ఇంకో బాధయ్యేది. చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ లాంటి డాక్టర్లు డాప్సోన్ వాడి చూపాక జనానికి ఊపిరొచ్చింది. కానీ ఒంటరిగా ఎన్నాళ్లని లాగుతుంది? కుష్ఠు క్రిమి ఒకటి రెండవ్వాలంటే రెండు వారాలు పడుతుంది. అంత నిదానస్తురాలు కూడా తెల్లబిళ్లకి లొంగకుండా తయారైందని 1964లో మలేషియాలో తేలింది.

గోధుమరంగుది క్లోఫజిమిన్. డబ్లిన్‌లో విన్సెంట్ బారీ బృందం 1950ల్లో క్షయ కోసం చేసింది. అప్పట్లో అక్కడ అక్కరకు రాలేదు, ఇక్కడ పనికొచ్చింది. ఎర్రది రిఫాంపిసిన్, మాలో పోటుగాడు. ఒక్క మోతాదుతోనే బతికున్న క్రిముల్ని దాదాపు తుడిచిపెట్టేస్తుంది. ముగ్గురిచేతా ఉమ్మడి కాపురం పెట్టించాలని 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు. మొదట్లో 24 నెలలు మింగాలనేవాళ్లు, తర్వాత దాన్ని 12కి దించారు. నాకు వెల లేదు. 2000 నుంచి నోవార్టిస్ కంపెనీ ఊరికే ఇస్తూ వచ్చింది.

వెల లేకపోయినా రంగుంది, అదే తంటా. ఎర్రమాత్ర మింగిన రోజు మూత్రం ఎర్రగా పడుతుంది. మొదటి అట్టప్పుడు ఆమె హడలిపోయి ఆశా కార్యకర్త ఇంటికి పరుగెత్తిందట. అది ఒకటి రెండు రోజుల ముచ్చట. గోధుమరంగుది మాత్రం అసలే రంగుపదార్థం, నెలనెలా ఒంట్లో చేరుతూ చర్మాన్ని నల్లబరుస్తుంది. మందు ఆపాక కొన్ని నెలలకి గానీ వదలదు. ఏడో నెలకి ఆమె మొహం కమిలినట్టయింది. అమ్మలక్కలు అడిగితే ఎండ అంటుంది. జబ్బు దాచుకోవడమే కష్టమైన చోట మందుని కూడా దాచుకోవాలి. మొదటి మోతాదుల తర్వాత ఈ జబ్బు ఎవరికీ అంటదని గోడల మీద రాసినా, వాడకట్టులో నమ్మేదెవరు?

ఇంకోటి ఒప్పుకోవాలి. క్రిమిని చంపడం నా చేతిలో ఉంది, చచ్చిన నరానికి ప్రాణం పోయడం మాత్రం లేదు. ఆమె ఎడమచేతి చిటికెనవేలు ఎప్పుడో మొద్దుబారింది. ఒకరోజు అన్నం గిన్నె బట్ట లేకుండా దించింది. వేలు కాలిందని ఆమెకి తెలిసింది కళ్లతో చూశాకే. అప్పుడు నేను పక్కనే, బియ్యంలో ఉన్నాను.

28 రోజులయ్యాక నన్ను మళ్లీ కొంగున కట్టుకుని వెళ్లింది. సారు నన్ను వెలుతురుకి పట్టుకుని చిల్లులు లెక్కపెట్టాడు. ఒకచోట ఆగాడు.

"ఏమ్మా, 19వ రోజువి రెండూ అలాగే ఉన్నాయే?"

"చెల్లెలింట్లో పెళ్లి సారూ. ఇంటినిండా జనం. సంచీ తీసే సందు దొరకలా."

సారు కార్డు మీద ఏదో రాసుకున్నాడు. నన్ను పక్కనపెట్టి, ఎనిమిదో అట్ట చింపి ఆరూ ఆమె అరచేతిలో పోశాడు. ఆమె కుడిచేత్తోనే గ్లాసు అందుకుంది.