డిసెంబరు 4కు టీకాతాత్పర్యం

అవతారిక

దినపత్రికలో రాశిఫలాల పక్కన ‘చరిత్రలో ఈ రోజు’ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. కాఫీ చల్లారేలోగా చదివేసి పేజీ తిప్పేస్తాం. దానికి ఇంతవరకు ఎవరూ వ్యాఖ్య రాసినట్టు లేదు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమవాడే, కోలాచలం వారు. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన ప్రతిజ్ఞ. మొదటి సగం నాకూ శిరోధార్యం. రెండో సగం పాటిస్తే ఈ వ్యాసమే ఉండదు.

మూలం

డిసెంబరు 4: 1922 ఘంటసాల జననం, 1956 మెంఫిస్‌లో నలుగురు గాయకుల కలయిక, 1969 జే-జీ జననం, 1971 మోంత్రోలో కాసినో దగ్ధం, 1980 లెడ్ జెప్పెలిన్ విరమణ, 1993 ఫ్రాంక్ జప్పా మరణం.

అన్వయం

ఆరు వాక్యాలు, క్రియ ఒక్కటీ లేదు. రెండు పుట్టుకలు, ఒక చావు, ఒక అగ్నిప్రమాదం, ఒక రాజీనామా, ఒక కలయిక. అన్నీ పాటగాళ్ల సంగతులే అయినా పాట ఒక్కటైనా చెప్పకపోవడం ఈ మూలంలోని గొప్పతనం. కనుక ‘పాట’ అనే పదాన్ని ప్రతి వాక్యంలోనూ అధ్యాహారం చేసుకోవాలి. అది ఎక్కడ దొరుకుతుందో వెతకడమే టీకాకారుడి పని.

ఘంటసాల జననం

ఘంటసాల = ఇంటిపేరు ఘంటసాలగా గల వెంకటేశ్వరరావుగారియొక్క; జననం = కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో సోమవారమునాడు పుట్టుట.

ఆనాడు చౌటపల్లిలో వినిపించింది పసివాడి ఏడుపే తప్ప పాట కాదు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడుతుంటే ఆడిన పిల్లవాడికి బాలభరతుడని పేరొచ్చింది. తర్వాత తండ్రి పోయారు. విజయనగరంలో మధూకరం ఎత్తుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. భానుమతిగారితో కలిసి ‘స్వర్గసీమ’లో పాడేసరికి 1945. ఆ పాట రికార్డయిన రోజు ఏ పత్రిక పెట్టెలోనూ కనబడదు. ఆ రోజు లేకపోతే చౌటపల్లి సోమవారాన్ని తలుచుకునేవారెవరు?

మెంఫిస్‌లో కలయిక

మెంఫిస్‌లో = అమెరికా దేశము టెన్నెసీ రాష్ట్రమునందలి పట్టణమున, యూనియన్ అవెన్యూ 706వ నెంబరు గల సన్ స్టూడియోయందు; నలుగురు = ఎల్విస్ ప్రెస్లీ, జెర్రీ లీ లూయిస్, కార్ల్ పెర్కిన్స్, జానీ క్యాష్ అనువారు; కలయిక = ముందుగా అనుకొననిది.

ఆ మంగళవారం రికార్డింగు పెర్కిన్స్‌ది. స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ పియానో వాయించడానికి లూయిస్‌ను పిలిపించాడు. అప్పటికి లూయిస్ ఎవరో ఊళ్లోనే చాలామందికి తెలియదు. దారిన పోతూ ఎల్విస్ లోపలికి వచ్చాడు. ఏడాది కిందటే ఫిలిప్స్ అతని ఒప్పందాన్ని 35 వేల డాలర్లకు ఆర్‌సీఏ కంపెనీకి అమ్మేశాడు. అమ్మేసిన గొంతు తిరిగి వచ్చి ఊరికే పాడుతుంటే, ఇంజనీరు జాక్ క్లెమెంట్ టేపు ఆపలేదు. ఎక్కువగా చర్చి పాటలే పాడారు. కొన్ని సగంలో వదిలేశారు. మధ్యలో ఎల్విస్, లాస్ వేగాస్‌లో ఒక గాయకుడు తన పాటనే తనకన్నా బాగా పాడాడని చెప్పి, అతన్ని అనుకరిస్తూ అదే పాట పాడి చూపించాడు. ఆ గాయకుడు జాకీ విల్సన్. కీర్తి శిఖరం మీదున్నవాడు తనను అనుకరించినవాణ్ణి అనుకరించడం! దీనికి అలంకారశాస్త్రంలో పేరు లేదు, పెట్టాలి.

పూర్వపక్షం: టేపు ఎంత విన్నా ముగ్గురే వినబడుతున్నారు, నలుగురెలాగ? క్యాష్ ఫొటో దిగి షాపింగుకు వెళ్లిపోయాడని ఒక సంప్రదాయం. అందరికన్నా ముందు వచ్చింది, చివరిదాకా ఉన్నది తానేనని, మైకుకు దూరంగా నిలబడి ఎల్విస్ శ్రుతికి తగ్గట్టు పైస్థాయిలో పాడానని క్యాష్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

సిద్ధాంతం: పాడినవాడి మాటను కాదనడం మర్యాద కాదు, టేపును కాదనడం సాధ్యం కాదు. కనుక ఫొటోలో నలుగురు, టేపులో ముగ్గురు. అసలు ఫొటోలో పియానో మీద ఎల్విస్‌తో వచ్చిన ఒక యువతి కూడా కూర్చుని ఉంది. చాలా ప్రతుల్లో ఆమెను కత్తిరించేశారు. ఇది లేఖక దోషం కాదు, పరిష్కర్తల దోషం.

ఫిలిప్స్ వెంటనే స్థానిక పత్రికకు ఫోన్ చేశాడు. ‘మిలియన్ డాలర్ క్వార్టెట్’ అనే పేరు అక్కడినుంచి వచ్చిన విలేకరి పెట్టిందే. పేరు మర్నాడే వచ్చేసింది. పాటలు రికార్డుగా బయటికి రావడం మొదలయ్యేసరికి 1981. అప్పటికి ఎల్విస్ పోయి నాలుగేళ్లు. ఈ నడుమ పాతికేళ్లూ ఆ వాక్యంలో ఫొటో ఉంది, పాట లేదు.

జే-జీ జననం

ఇక్కడ టీకకు పని తక్కువ. జే-జీ అనే పేరుతో ర్యాప్ పాడే, బ్రూక్లిన్‌లో పుట్టిన షాన్ కార్టర్, 2003లో ‘ద బ్లాక్ ఆల్బమ్’ చేసినప్పుడు ఒక పాటకు ‘డిసెంబర్ ఫోర్త్’ అనే పేరు పెట్టాడు. అందులో అతని పుట్టుక గురించి చెప్పే గొంతు వాళ్లమ్మ గ్లోరియా కార్టర్‌ది. జాతకం తల్లి చెప్పగా కొడుకు లయ కూర్చాడన్నమాట. మూలంలో పాట లేదన్న నా ఆక్షేపణకు ఈ ఒక్క వాక్యం మినహాయింపు.

మోంత్రోలో దగ్ధం

మోంత్రోలో = స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డునున్న ఊరిలో; కాసినో = జూదశాలయే గాక కచేరీశాల కూడా అయినది; దగ్ధం = శనివారమునాడు ప్రేక్షకుడొకడు ఫ్లేర్ గన్ పైకప్పుకేసి కాల్చుటచే తగలబడుట.

వేదిక మీద ఉన్నది అమెరికా సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా, ఆయన బృందం. జనాన్ని తొందరపడకుండా బయటికి వెళ్లమని మైకులో చెప్పారు. మోంత్రో జాజ్ ఉత్సవం నడిపే క్లాడ్ నోబ్స్ లోపల చిక్కుకున్న పిల్లలను బయటికి లాగాడు. ప్రాణనష్టం లేదు. జప్పా వాద్యాలన్నీ కాలిపోయాయి. ఆ కాసినోలోనే ఆల్బమ్ రికార్డు చేసుకుందామని ఇంగ్లండు నుంచి వచ్చిన డీప్ పర్పుల్ బృందం, సరస్సు మీద పరుచుకున్న పొగను చూస్తూ నిలబడిపోయింది.

అలంకారం: తర్కసంగ్రహం చదివినవారు ఇక్కడ ఉలిక్కిపడతారు. కొండ మీద పొగ కనబడితే నిప్పు ఉన్నట్టే అని అనుమాన ప్రమాణం. నిప్పు లేని చోటుకు ఆ శాస్త్రం చూపే ఉదాహరణ పెద్ద సరస్సు. అటువంటి సరస్సు మీద పొగ! తార్కికులు కంగారు పడనక్కరలేదు. నిప్పు ఒడ్డున ఉంది, గాలి పొగను నీటి మీదికి తోసింది. శాస్త్రం క్షేమం, కాసినోయే పోయింది.

ఇప్పుడు పాట పుట్టిన తేదీ తేల్చండి. కొన్నాళ్లకు డీప్ పర్పుల్ బృందంలోని రోజర్ గ్లోవర్ నిద్రలోంచి ‘స్మోక్ ఆన్ ద వాటర్’ అన్న మాటతో లేచాడు. దాని బాణీని పెవిలియన్ అనే థియేటరులో రికార్డు చేస్తుంటే ఇరుగుపొరుగు ఫిర్యాదు చేసి పోలీసులను పిలిపించారు. మిగతా ఆల్బమ్ చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ నడవాల్లో పూర్తిచేశారు. ‘మెషీన్ హెడ్’ 1972 మార్చిలో వచ్చింది. బృందంవారికి నమ్మకమున్న పాట ‘నెవర్ బిఫోర్’. ముందు దాన్నే సింగిల్‌గా వదిలారు. పొగ పాటకు అమెరికాలో మోత మోగింది 1973లో. అది ఇప్పుడు గిటారు నేర్చుకునేవాళ్లకు మన సరళీస్వరాల వంటిది. ఇన్ని తేదీల్లో ఏది పెట్టాలో తెలియక పత్రికవారు నిప్పు తేదీ పెట్టేశారు. నిప్పుకైతే సాక్షులున్నారు.

విరమణ

లెడ్ జెప్పెలిన్ రాక్ బృందపు డ్రమ్మర్ జాన్ బోనం 1980 సెప్టెంబరు 25న చనిపోయాడు. ఇక మునుపటిలా కొనసాగలేమని మిగిలినవారు ఒక చిన్న ప్రకటన ఇచ్చారు. వారే అంత క్లుప్తంగా చెప్పాక టీకాకారుడు సాగదీయకూడదు.

జప్పా మరణం

వయస్సు 52. కాసినో కాలిన తేదీకి సరిగ్గా ఇరవైరెండేళ్లు. ఇక్కడ జ్యోతిష్కులు అడ్డుపడతారు: 1971లో డిసెంబరు 4 శనివారం, 1993లోనూ శనివారమే, ఇది శనిదేవుడి పని కాక మరేమిటి?

సిద్ధాంతం: వారాలు ఏడు. ఏదో ఒకటి అవ్వాలి. ఇది ఘుణాక్షర న్యాయమని కొందరంటారు, అదీ తప్పే. అక్కడ అక్షరం పడడానికి పురుగైనా కర్రను తొలిచింది. కాసినో తగలబడటంలో జప్పా ప్రమేయం ఏమీ లేదు, గిటారు వాయించాడంతే. కనుక ఇది శుద్ధ కాకతాళీయం.

ఇంతవరకు వాదం గట్టిగానే ఉంది. కానీ మూలంలో చేరని వాక్యం ఇంకొకటుంది: 1976 డిసెంబరు 4న మయామీలో టామీ బోలిన్ పాతికేళ్లకే చనిపోయాడు. రిచీ బ్లాక్‌మోర్ వెళ్లిపోయాక డీప్ పర్పుల్‌లో గిటారు పట్టింది ఆయనే. ఆ పొగ పాట ఎత్తుగడ ఊరూరా వాయించిందీ ఆయనే. ఆ రోజు ఏ వారమో పాత క్యాలెండరు చూసి తెలుసుకున్నవారు జ్యోతిష్కుల ముందు మాత్రం ఎత్తకండి.